పద్యం మా నోటికీ వచ్చు

మా గోదావరి డెల్టాలో ముస్లిం పిల్లవాడికి చదువు రెండు గడపల మీదుగా మొదలవుతుంది. మొదటిది బిస్మిల్లా. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగో రోజున కొత్త బట్టలు వేసి, ముందు మిఠాయి పళ్లెం పెట్టి, హజ్రత్ చెప్పినట్టు అల్లా పేరు పలికిస్తారు. రెండోది బడి. పలక, అఆలు, వాటి వెనకే పద్యం. ఈ రెండో గడపకూ మా నేల మీద పాత లెక్క ఒకటి ఉండేది. మగపిల్లవాణ్ణి బడిలో వేయడానికి అయిదో ఏట అయిదో నెల అయిదో రోజు మంచిదని ఇక్కడి జనం అనుకుంటారని 1823లో రాజమండ్రి కలెక్టరు రాశాడు. నాలుగుల లెక్క ముస్లింలది, అయిదుల లెక్క హిందువులది అని ఎవరైనా విడదీయొచ్చు. కానీ మా పిల్లవాడు రెండు గడపలూ దాటాడు. ఇవాళ్టికీ దాటుతున్నాడు.

అయినా మాకు రెండు వైపుల నుంచీ ఒకే మాట వినబడుతుంది. ‘మీకు పద్యం ఎలా వచ్చండీ, మీది ఉర్దూ కదా’ అని బయటివాళ్లు మెచ్చుకుంటున్నట్టే అంటారు. ‘మనకెందుకు బేటా అవి, మార్కుల కోసం చదివి వదిలెయ్’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ఒకరు ఆశ్చర్యంతో, ఒకరు భయంతో అన్నా రెండింటి అర్థం ఒకటే. పద్యం మాది కాదని. వేమన పద్యం అప్పజెప్పిన ముస్లిం పిల్లవాడు చుట్టపుచూపుగా వచ్చి పాడిపోయినవాడు అవుతాడు. తన ఊరి పద్యం తాను చదివినవాడు కాడు. ఈ మాట నిజమా అని అడగడానికే మేం పాత కాగితాలు తిరగేశాం.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రతి జిల్లాలోనూ బడులెన్ని, చదివేవాళ్లెందరు, చదివేదేమిటి అని లెక్క అడిగాడు. రాజమండ్రి కలెక్టరు రాబర్ట్‌సన్ 1823 సెప్టెంబరులో జవాబు పంపాడు. ఆ కాగితాలను ధర్మపాల్ 1983లో తన పుస్తకంలో అచ్చువేశారు. అప్పటి రాజమండ్రి జిల్లాలో 7,38,308 మంది జనం. 291 బడులు. వాటిలో 285 తెలుగువి, 5 పారశీవి, 1 ఇంగ్లీషుది. చదివే పిల్లలు మొత్తం 2,658 మంది. ఆడపిల్లలు 37 మందే. మగపిల్లలు 2,621 మంది. అందులో బ్రాహ్మణులు 904, వైశ్యులు 653, శూద్రులు 466, ఇతర కులాలు 546, ముస్లింలు 52.

యాభై రెండు మంది. వందకు ఇద్దరు. ఈ లెక్కలను చూపించి ఇంగ్లీషువాడు రాకముందు మన చదువు బంగారంలా ఉండేదని కొందరు వాదిస్తారు. ఏడు లక్షల పైచిలుకు జనంలో 37 మంది ఆడపిల్లలు చదివిన చదువుని బంగారం అనడానికి మాకు నోరు రాదు. కానీ ఆ 52 అంకె మాకు విలువైంది. రాజమండ్రి పాత మసీదు గుమ్మం మీది పారశీ శాసనం 1324 నాటిది. అంటే ఆ శాసనానికి అయిదు వందల ఏళ్లు నిండబోతున్నప్పుడు, ఈ జిల్లా పంతుళ్ల ముందు మా పిల్లలూ కూర్చుని ఉన్నారు.

ఏం చదివారు? కలెక్టరు ఆ జాబితా కూడా పంపాడు. తెలుగు బడుల్లో వాడే పుస్తకాలు నలభైకి పైగా ఉన్నాయి. సుమతి, భాస్కర, దాశరథి, కృష్ణ, నారాయణ శతకాలు, ప్రహ్లాద చరిత్ర, గజేంద్రమోక్షం, కుచేలోపాఖ్యానం, నల చరిత్ర. లెక్కలకు పావులూరి గణితం. మాటలకు ఆంధ్రనామసంగ్రహం. పెద్ద తరగతుల వాళ్ల కోసం కాబోలు, మను చరిత్ర, వసు చరిత్ర. పిఠాపురం దగ్గరి కందరాడ వాడైన కూచిమంచి తిమ్మకవి రసికజనమనోభిరామం కూడా బడి పుస్తకమే! ఇవాళ ఆ పుస్తకాన్ని ఏ బడిలో పెట్టినా తల్లిదండ్రులు ధర్నాకు కూర్చుంటారు.

జాబితాలో దాశరథి శతకం ఉండటం దగ్గర మేం కాసేపు ఆగాం. దాన్ని రాసిన కంచెర్ల గోపన్న, అంటే రామదాసు, గోదావరి మీద మాకు ఎగువనున్న భద్రాచలం తహసీల్దారు. ఖైదు చేసినవాడు గోలకొండ పాదుషా తానీషా. దీన్ని క్రూర నవాబు కథగా చెప్పొచ్చు. చాలామంది అలాగే చెప్పారు. కానీ జనం చెప్పుకునే కథలో రామలక్ష్మణులు వచ్చి బాకీ కట్టింది తానీషాకే, ముందు దర్శనం దొరికిందీ ఆయనకే. భక్తుడి కంటే ముందు పాదుషాకు దర్శనమిచ్చిన దేవుడి కథ ఇది. తెలుగు జనం కల్పించుకున్నదే. ఇందులో ముస్లిం రాజు దుర్మార్గుడూ కాదు, దేవుడూ కాదు. బాకీ వసూలు చేసుకుని, రసీదు ఇచ్చి, తప్పు దిద్దుకున్న మనిషి. మా పిల్లలకు చెప్పదగిన స్ఫూర్తి కథ ఇంతకంటే దగ్గర్లో ఎక్కడుంది?

జాబితాలో లేనిదాన్ని కూడా చూడాలి. అందులో వేమన లేడు. ఇవాళ తెలుగు పిల్లవాడికి మొదట నోటికి వచ్చే పద్యం వేమనదే. అలాంటి వేమన 1823 నాటి రాజమండ్రి బడి జాబితాలో లేడు. జనం నోళ్లలో ఉన్నాడు. బైరాగులు, కూలీలు, జంగాలు పాడుకున్నారు. బడి గడప మాత్రం దాటలేదు. కులాన్నీ, విగ్రహాన్నీ, గురువునీ, మడినీ నిలదీసినవాణ్ణి పంతుళ్లు ఎందుకు రానిస్తారు? రాజమండ్రిలోనూ కొలువు చేసిన సి.పి.బ్రౌన్ తాళపత్రాలు పోగుచేసి, సరిచూసి, 1829లో వేమనను అచ్చు వేయించారు. ఆ తర్వాత మెల్లగా వేమన వాచకంలోకి వచ్చాడు. ఇప్పుడు వేమన లేని తెలుగు వాచకాన్ని ఊహించలేం.

మేం చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. పిల్లలు చదివే పద్యాల జాబితా దేవుడు రాసింది కాదు. ఎవరో మనిషి పూనుకుని చేర్చిందే అందులో ఉంది. ఎవరూ పూనుకోనిది బయటే ఉండిపోయింది.

ఆ తర్వాతి వందేళ్లలో బడి గడప దాటినవన్నీ ఇలా దాటినవే. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాశారు. అదే పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో పంచతంత్రం కథలు వచనంలో బడికి వచ్చాయి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లు పారాక రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ దశకంలోనే నరసాపురం సబ్ కలెక్టరు టేలర్ రైతుల్ని ఒప్పించి, వాళ్లే వేసుకున్న పన్నుతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు పెట్టించారు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. 1909లో చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రిలో దళిత పిల్లల కోసం బడి పెట్టారు. కంటిచూపు లేని మనిషి, ఊరు చూడనట్టు నటించిన పిల్లల్ని చూశారు. వేమన వచ్చాడు, ఆడపిల్ల వచ్చింది, దళితుడు వచ్చాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు తీశారు, ఎవరో ఒకరు అడ్డం పడ్డారు.

మరి మా సంగతి? మా కోసం వేరే తలుపు పెట్టారు. 1882లో వేసిన హంటర్ కమిషన్ ముస్లిం పిల్లలకు ప్రాథమిక బడుల్లో హిందుస్తానీలో చదువు చెప్పాలని సిఫారసు చేసింది. ముస్లింలు వేరే భాష కావాలని కోరుకునే చోట తప్ప అని ఒక మినహాయింపు కూడా పెట్టింది. సిఫారసు న్యాయమైందే. ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు ఉర్దూ బడి హక్కు. ఆ హక్కు కోసం మేం ఇప్పటికీ మాట్లాడతాం. కానీ మినహాయింపు మరుగునపడి, ముస్లిం అంటే ఉర్దూ, తెలుగు అంటే హిందూ అనే లెక్క జనం మనసుల్లో గట్టిపడింది. ఆ లెక్కలో మొదట నలిగినవాళ్లు దూదేకులవాళ్లు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాలు. ఉర్దూ రాదని తోటి ముస్లింలే వాళ్లను చిన్నచూపు చూశారు. పేరు చూసి బడి వాళ్లను పరాయిగా చూసింది. దూది ఏకే వింటి చప్పుడు వినని ఊరు ఒకప్పుడు డెల్టాలో లేదు. ఆ చేతుల మీద ఒక్క పాఠమైనా మేం చదవలేదు.

ఉర్దూ వైపు పిల్లలకేం ఉందో కూడా చెప్పాలి. లేకపోతే మా ఇంటి సగం మూసిపెట్టినట్టు అవుతుంది. ఇస్మాయిల్ మేరఠీ 19వ శతాబ్దం చివర్లో ఉర్దూ రీడర్లు రాశారు. వాటిలో ఆవు, వాన, పనిచేసే మనిషి కనిపిస్తారు. ఆయన కంటే ముందు నజీర్ అక్బరాబాదీ దీపావళి మీదా, హోలీ మీదా, కన్నయ్య బాల్యం మీదా నజ్మ్‌లు కట్టారు. 1902లో ఇక్బాల్ రాసిన ‘బచ్చే కీ దువా’ ఉర్దూ బడుల్లో పొద్దున పూట పాడే పాట. చీకటి పోగొట్టే దీపంలా బతకాలనీ, బీదవాళ్లకు తోడుండాలనీ ఒక పిల్లవాడు వేడుకుంటాడు. అంతే. 2019లో ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్ జిల్లాలో పిల్లల చేత ఆ పాట పాడించారన్న ఫిర్యాదు మీద ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి సస్పెండ్ చేశారు. పద్యం ఎవరిదనే ప్రశ్న ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికే ఇది రాస్తున్నాం. ఒక మేష్టారి ఉద్యోగం దాకా.

ఆ ప్రశ్నకు జవాబు మా డెల్టాలోనే ఎప్పుడో దొరికింది. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషా అక్కడి శ్రీ విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠానికి ఆరో పీఠాధిపతి. మౌల్వీ. సూఫీ. తెలుగు ఛందస్సు చేతిలో పెట్టుకున్న కవి. ఉమర్ ఖయ్యాం రుబాయీలను నేరుగా పారశీ నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ‘అనసూయాదేవి’, ‘చంద్రగుప్త’ నాటకాలు రాశారు. ముస్లిం నియోజకవర్గం నుంచి గెలిచి 1935 నుంచి ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యులుగా ఉన్నారు. 1945లో పోయారు. పారశీ చదివినవాడు తెలుగు పద్యం రాయడం ఆయనకు వింత కాదు, సాహసమూ కాదు. పొద్దున ఒక భాష, సాయంత్రం ఒక భాష మాట్లాడే ఇంట్లో పుట్టినవాడికి అదే సహజం.

అలాంటి ఉమర్ ఆలీషా మీద రెండు దాడులు జరుగుతాయి. మాలో కొందరు పెద్దలు, మౌల్వీ అనసూయ కథ రాయడమేమిటని ముఖం తిప్పుకుంటారు. అటువైపు కొందరు ఆయన్ని ఎత్తుకుని మా మీదికి విసురుతారు. ‘చూడండి, ముస్లిం అంటే అలా ఉండాలి’ అని. మొదటివాళ్లు ఆయన తెలుగును మా నుంచి తీసేస్తారు. రెండోవాళ్లు ఆయన్ని మంచి ముస్లిం సర్టిఫికెట్టు చేసి, మిగతావాళ్లందర్నీ అది లేనివాళ్లుగా నిలబెడతారు. రెండూ మాకొద్దు. ఆయన్ని కవిగా చదవనివ్వండి. చిన్న తరగతి పిల్లలకు అందే పద్యం ఒకటి ఏరి, అర్థం చెప్పి, కంఠస్థం చేయించండి. పక్కన ఏ ఉపదేశమూ అక్కర్లేదు. కింద కవి పేరు చాలు. ఉమర్ ఆలీషా, పిఠాపురం. ఆ పేరు చదివిన పిల్లవాడు ఇంటికొచ్చి ఏ పేరు చూసుకుంటాడో మాకు తెలుసు.

పద్యం బరువనుకుంటే కాకినాడకు రండి. 1928లో నెల్లూరులో పుట్టిన ఇస్మాయిల్ కాకినాడ పి.ఆర్. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. 2003లో పోయేదాకా కవిగానే బతికారు. ‘చెట్టు నా ఆదర్శం’ అన్నారు. ‘చిలకలు వాలిన చెట్టు’ అన్నారు. 1997లో ‘కప్పల నిశ్శబ్దం’ అని హైకూల పుస్తకం వేశారు. మూడు పాదాల కవిత్వం. చెట్టు, పిట్ట, కప్ప, వాన ఎరిగిన డెల్టా పిల్లవాడికి ఇంతకంటే చేతికందే కవిత్వం ఇంకేముంటుంది? ముస్లిం కవి అంటే మసీదు గురించో, కర్ఫ్యూ గురించో రాయాలని అందరూ ఎదురుచూస్తారు. రాయాల్సినవాళ్లు రాశారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ అందుకే వచ్చాయి. కానీ చెట్టు గురించి రాయడం కూడా ముస్లిం హక్కే. మా పిల్లలకు రెండూ తెలియాలి. కోపం తెలియడానికి వయసు రావాలి. కప్పను చూడటానికి ఎనిమిదేళ్లు చాలు.

కథల సంగతి పద్యాలకంటే కష్టం. మేం చదివిన వాచకాల్లో మాకు ముస్లింలు మూడు రకాలుగా ఎదురయ్యారు. గుర్రం మీద కత్తి పట్టుకుని వచ్చినవాడు మొదటివాడు. బీర్బల్ తెలివిని చూపించడానికి ప్రశ్నలడిగే అక్బరు రెండోవాడు. మూడోవాడు ఆగస్టు పదిహేనుకు మాత్రమే గుర్తొచ్చే అష్ఫాఖుల్లా ఖాన్. 1927లో ఫైజాబాదు జైల్లో ఉరికంబమెక్కిన మనిషి. అష్ఫాఖుల్లాకు మేం చేతులెత్తి సలాం చేస్తాం. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ మూడింటిలోంచి ఏం నేర్చుకుంటాడు? దొంగగా వచ్చావు, లేదా ఓడిపోయావు, లేదా చచ్చి రుజువు చేసుకున్నావు అని. బతికుండి, పని చేసుకుంటూ, పక్కింటివాళ్లతో పాలూ పెరుగూ ఇచ్చిపుచ్చుకుంటూ ఉన్న ముస్లిం ఒక్కడూ కథలో లేడు. దూది ఏకిన తాత, సైకిలు షాపు మామూ, రాత్రంతా పండగ బట్టలు కుట్టిన దర్జీ ఖాలా, పీర్ల పండక్కి గుండం తవ్వే ఊరి రైతులు. స్ఫూర్తి ఇచ్చేందుకు వీళ్లేం తక్కువ? అన్నం తినే పిల్లలకు అన్నం పండించిన చేతుల కథ చెప్పడానికి కత్తులక్కర్లేదు.

ఎలా చెప్పాలన్న విషయంలో ఒక మాట. మక్తబ్‌లో చదివిన పిల్లవాడికి పద్యం కొత్త కాదు. అక్కడ ఉస్తాద్ పలుకుతాడు, పిల్లలు తిరిగి పలుకుతారు. ఎక్కడ దీర్ఘం, ఎక్కడ ఊపిరి ఆపాలి, ఏ అక్షరం గొంతులోంచి రావాలి, అన్నీ చెవితోనే నేర్చుకుంటారు. నిన్నటి పాఠం అప్పజెప్పనిదే ఇవాళ్టి సబక్ ఇవ్వరు. దాన్ని ఆమోఖ్తా అంటారు. వీధిబడి పంతులు చేయించిన వల్లెవేత కూడా అదే. యతి దగ్గర ఆగి, ప్రాస మీద ఒత్తి పద్యం చదవడం, ఖురాన్ సూరాలు తప్పు లేకుండా పలికే నాలుకకు పది నిమిషాల పని. ఆ నాలుకను బడిలో పనికిరానిదిగా చూడకుండా, పద్యానికి సిద్ధమైన నాలుకగా చూసే మేష్టారు కావాలి. అలాంటి మేష్టార్లు ఈ డెల్టాలో ఉన్నారు. తెలుగు పోటీల్లో షేకులూ, సయ్యదులూ బహుమతులు తెచ్చుకుంటున్నది వాళ్ల వల్లే.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2019 నవంబరులో ప్రభుత్వం ప్రాథమిక బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వాదన అక్కడితో ముగియలేదు. మా బీద తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకుంటే మేం తప్పు పట్టం. రిక్షా తొక్కినవాడి కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే భాష చచ్చిపోతుందని ఏడ్చేవాళ్లు, తమ పిల్లల్ని ఎక్కడ చదివించారో ముందు చెప్పాలి. కానీ మీడియం ఏదైనా రోజుకు పది నిమిషాలు పద్యానికీ, వారానికి ఒక గంట కథకూ దొరుకుతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించింది. బోర్డుల మీద అక్షరాలు మారితే సంతోషమే. పిల్లల నోళ్లలోకి రాని భాష బోర్డు మీద ఎన్నాళ్లుంటుంది?

అందుకే మా కోరిక చిన్నది. ప్రాథమిక తరగతుల వాచకంలో వేమన, సుమతి ఉన్న పేజీ పక్కన ఒక పేజీ కావాలి. అందులో ఉమర్ ఆలీషా పద్యం ఒకటి, ఇస్మాయిల్ హైకూ ఒకటి, తెలుగు లిపిలో మేరఠీ పాట ఒకటి. హిందూ పిల్లలూ, ముస్లిం పిల్లలూ, క్రైస్తవ పిల్లలూ కలిసి గొంతెత్తి చదవాలి. ముస్లిం తల్లిదండ్రులతోనూ ఒక మాట. వేమనను మార్కుల కోసం చదివించకండి. విగ్రహాన్నే కాదు, వేషాన్నీ డాంబికాన్నీ నిలదీసిన ఆ మనిషి మన ఇంటికి పరాయివాడు కాడు. బడి ఆయన్ని బయట ఉంచినప్పుడు ఆయన జనం దగ్గరే ఉన్నాడు. అప్పటికి మన తాతలూ ఆ జనంలోనే ఉన్నారు.

1823లో కలెక్టరు మా పిల్లల్ని లెక్కపెట్టాడు. ఆ యాభై రెండు మందిలో ఒక్కరి పేరూ రాయలేదు. ఇప్పుడు లెక్క మన చేతుల్లో ఉంది. పేర్లతో సహా రాద్దాం.